ముందు ఉత్తరం

"సమీకరణ షురూ అయిందంట! పైన సారు చెప్తుండు, సమీకరణ అని!"

చేతిలో చీపురుతోనే సందులోకి ఉరికింది పుష్పమ్మ. నేరేడ్‌మెట్‌లో ఆ సందుకు చివరిల్లు వాళ్లది. పొద్దున్న ఆరున్నర. మేడ మీద వాటాలో అద్దెకుంటున్న వరహాలు మాస్టారు ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నాడు. ఆయన గుసగుసలాడినా మైకు మింగినవాడు మాట్లాడినట్టే ఉంటుంది. "రెండు బిందువులు దొరికాయా లేదా? దొరికితే ఇంక ఆలోచించకూడదు. సమీకరణం తీసెయ్యాలి!" అన్నాడు. ఆ మాట మెట్లు దిగేలోపు చివరి సున్నా ఎక్కడో జారిపోయింది. సున్నాకి విలువ లేదనుకునేవాళ్లు ఆ పొద్దున ఆ సందులో ఉండి చూడాల్సింది. సమీకరణం కాస్తా సమీకరణ అయింది, సమీకరణ భూసమీకరణ అయింది, పది నిమిషాల్లో గేటు ముందు పదిమంది అయ్యారు. వెనక వాననీళ్లు పోయేందుకు కొత్త నాలా తవ్వుతారని, జాగాలు పోతాయని బస్తీ పదిరోజులుగా పరేషాన్‌లో ఉంది మరి.

మాస్టారి భార్య గవరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ దిగివచ్చింది.

"ఏటి వదినా, ఏటైనాది? భూమీ లేదు, గీమీ లేదు. ఆయన గీతల లెక్క సెప్తన్నారు. గీతకో లెక్కుంటాదంట, దాని పేరు సమీకరణమంట. శ్రీకాకుళంలో మొదలెట్టినారు, ఇప్పటికీ తెమల్లేదు."

అందరూ నవ్వారు. పుష్పమ్మ నవ్వలేదు. చీపురు గోడకు ఆనించి, పెరటివైపు ఒకసారి చూసి, లోపలికి పోయింది.

ట్యూషన్ పిల్లలు వెళ్లిపోయాక ఆమె భర్త పైకి వచ్చాడు. వడ్రంగి. పేరు బ్రహ్మచారి, పెళ్లయి నలభై ఏళ్లు. ఆ పేరు మీద వరహాలు వేసిన జోకులు, చారి తన జన్మలో కొట్టిన మేకులన్ని ఉంటాయి. ఆ పొద్దున కూడా ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కానీ, చారి మొహం చూసి వెనక్కి పోయింది.

"సార్, మీకు గీతల లెక్క వస్తదంటున్రు గద. జెర గిది చూడుండ్రి."

నాలా పని చూసే ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం అది. నకలుకి నకలు తీసిన కాగితం. పైన ఏదో వరస, దాని కింద రెండు రాళ్ల అంకెలు: రాయి 1 దగ్గర 20, 10. రాయి 2 దగ్గర 40, 50. సందు మూలనున్న పాత హద్దురాయి నుంచి మీటర్లలో కొలత. ఈ రెండు రాళ్లనూ కలిపే గీత నాలాకు నడుమ అవుతుంది. ఆ గీతకు అటు మీటరున్నర, ఇటు మీటరున్నర తవ్వుతారు. శనివారం జేసీబీ వస్తుంది.

"ఆఫీసుల అడిగితే కాగితంల ఉంది చూస్కో అంటున్రు. కాగితంల అంకెలున్నయి గని నా బిడ్డ లేదు," అన్నాడు చారి. "కల్పలత మీదికెల్లి పోతదా, పక్కపొంటి పోతదా? గదొక్కటి చెప్పుండ్రి సార్. గోడ పోయినా, ఇల్లు పోయినా నేను అడగ."

కల్పలత చారి కూతురు. పదో తరగతిలో ఉండగా నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పందొమ్మిదేళ్లయింది. ఆ ఇంట్లో చనిపోయినవాళ్లను కాల్చరు, సమాధి చేస్తారు. అప్పట్లో ఆ చివరంతా బండలూ తుమ్మచెట్లే కాబట్టి ఇంటి వెనకే, పెరట్లో ఒక మూల, సమాధి చేశారు. దాని మీద మూడడుగుల గద్దె కట్టారు. వరహాలు ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఆ పిల్ల ఆరునెలలు ఆయన దగ్గర ట్యూషన్‌కి కూర్చుంది. లెక్కలంటే ఆ పిల్లకి లెక్కే లేదు. గ్రాఫు కాగితం ఇస్తే గళ్లన్నీ రంగుపెన్సిళ్లతో నింపి, ముగ్గు చేసి తిరిగిచ్చేది. తిట్టాలని నోరు తెరిచి, ముగ్గు బాగుందని చెప్పి మూసేవాడు.

"రేపటికల్లా చెప్తాను చారిగారూ. ఇది ఇంటర్ మొదటి సంవత్సరం లెక్క. ఇందులో అనుమానానికి చోటే ఉండదు," అన్నాడు వరహాలు.

ఆ మాట అన్నందుకు తర్వాత ఆయన చాలా బాధపడ్డాడు.

ఇద్దరూ టేపు పట్టుకుని దిగారు. మూలరాయి నుంచి సందు సరిగ్గా తూర్పుకి పోతుంది. తూర్పుకి ఇరవై ఎనిమిది మీటర్లు నడిచి, అక్కడ నిలబడి ఉత్తరానికి తిరగాలి. చారి దగ్గరున్న మూలమట్టం తలుపులకు సరిపోతుందేగాని పెరళ్లకు చాలదు. తాడుకి మూడు, నాలుగు, ఐదు మూరల ఎడంతో ముడులు వేసి, నేలమీదే లంబం నిలబెట్టాడు. బడి మొహం చూడని మనిషి. వరహాలు ఆ తాడు వంక భక్తిగా చూశాడు. అక్కడి నుంచి ఉత్తరానికి ఇరవై ఆరు మీటర్లు కొలిస్తే టేపు కొస గద్దె నడిమధ్యకు వచ్చింది. గద్దె మీద ఎండిన బంతిపువ్వొకటి ఉంది. చారి దాన్ని తీసి పక్కన పెట్టి, కొలత అయ్యాక మళ్లీ అక్కడే పెట్టాడు.

వరహాలు మేడమీద వాలుకుర్చీలో కూర్చుని వాలు కట్టాడు. ఒక రాయి దగ్గర ఎక్స్ ఇరవై, వై పది. రెండో రాయి దగ్గర ఎక్స్ నలభై, వై యాభై. పక్కకి ఇరవై పోతే పైకి నలభై లేచింది. వాలు రెండు. మొదటి రాయి గుండా పోవాలి కాబట్టి:

y − 10 = 2 (x − 20)

సర్దితే y = 2x − 30.

నాలా గీత అంటే అంతే. కిలోమీటర్ల నాలా అయినా ఇంత చిన్న వాక్యంలో ఇమిడిపోతుంది. ఆ గీత మీద ఉన్న ప్రతి చోటూ ఈ వాక్యానికి లొంగుతుంది, గీత మీద లేనిదేదీ లొంగదు. ఇక సమాధిని ఈ వాక్యంలో పెట్టి చూడాలి. ఇరవై ఎనిమిదికి రెట్టింపు యాభై ఆరు. ముప్పై తీసేస్తే ఇరవై ఆరు. టేపు కూడా ఇరవై ఆరే అంది.

ట్యూషన్‌లో ఎవరికైనా రెండువైపులా ఇలా సరిపోతే శభాష్ అనేవాడు. ఇప్పుడు కాగితాన్ని వెనక్కి తిప్పాడు.

మళ్లీ చేశాడు. ఈసారి రెండో రాయి నుంచి మొదలుపెట్టాడు. అదే గీత. మూడోసారి ఎడమచేత్తో రాసినట్టు మెల్లగా, ఒక్కో అంకె తడుముకుంటూ చేశాడు. అదే. లెక్కలో తప్పు ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి, తన లెక్క తప్పైతే బాగుండునని ఆయనకు అనిపించింది.

సాయంత్రం దిగి చెప్పాడు. చారి కొడుకు భానుప్రకాశ్ అప్పుడే రెజిమెంటల్ బజార్‌లో తన స్పేర్‌పార్ట్స్ దుకాణం నుంచి వచ్చి హెల్మెట్ తీస్తున్నాడు.

"మీదికెల్లేనా సార్?" అన్నాడు చారి.

"మీద నుంచే చారిగారూ."

"జెర పక్కకు..."

"సరిగ్గా నడిమధ్య నుంచి."

చారి ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. భానుప్రకాశ్ ఆఫీసుకు పోయి కొట్లాడదామన్నాడు. కోర్టన్నాడు, కార్పొరేటరన్నాడు. తండ్రి అన్నీ విని తల అడ్డంగా ఊపాడు.

"శనారం మిషినొస్తది. మిషిను నా బిడ్డను ముట్టొద్దు. నా చేతులతోటి పెట్టిన, నా చేతులతోటే తీస్త. బొల్లారంల మా పెదనాయిన వాళ్ల జాగ ఉంది. బేస్తారం పొద్దుగాల ఆడికి తీస్కపోదం."

ఆ రెండు రోజులు వరహాలు గొంతు మెట్లు దిగలేదు. పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "మీరేటి సేస్తారు? లెక్క అలగొచ్చింది," అంది గవరమ్మ అన్నం వడ్డిస్తూ. "అలగే వచ్చింది," అని చెయ్యి కడిగేసుకున్నాడు ఆయన. కింద పుష్పమ్మ గద్దెకు సున్నం వేస్తుంటే కిటికీలోంచి కనబడుతోంది. రేపు తీసేసే దానికి సున్నం దేనికమ్మా అని కొడుకు అడిగాడు.

"ఊరికి పంపుతుంటే తల దువ్వకుండ పంపుతమార?" అంది పుష్పమ్మ.

గురువారం పొద్దున చుట్టాలు ఒక పదిమంది, సందులోవాళ్లు ఒక పదిమంది పెరట్లో నిలబడ్డారు. పెరడు చాలక కొందరు గోడ అవతలే ఆగిపోయారు. కొత్త తెల్లబట్ట, పసుపు, కుంకుమ, ఒక మట్టికుండ గద్దె పక్కన పెట్టి ఉన్నాయి. వరహాలు, గవరమ్మ ఒక వారగా నిలబడ్డారు. చారి గద్దెకు దండం పెట్టాడు. గడ్డపార ఎత్తాడు. ఎత్తినవాడు దించాడు.

"భానూ, సంచిల నూలుండ తియ్యి."

"ఇప్పుడు నూలెందుకు నాయినా?"

"గీత లేంది నేను రంపం పెట్ట. యాభై ఏండ్లల్ల ఎన్నడు పెట్టలే. ఊరోళ్ల తలుపులకే పెట్టనోన్ని, నా బిడ్డ మీద పెడ్తనా? నాలా యాడికెల్లి వస్తదో కండ్లతోటి చూసినంకనే పార పెడ్త."

"నడిమిట్లకెల్లి వస్తదని సారు చెప్పిండు గద!"

"సారు చెప్పిండు. నూలు సుత చెప్పాలె."

వరహాలుకి అందులో తప్పేమీ కనిపించలేదు. గీతకు రెండు బిందువులు కావాలని తాను పుస్తకంలో చదివాడు, చారి చేతులతో నేర్చుకున్నాడు. రెండు రాళ్లూ కిందటివారమే పాతారని ఆఫీసువాళ్లు చెప్పారు. మొదటి రాయి పడమటి పక్కనున్న ఖాళీ ప్లాటులో ఉండాలి. ఆ ప్లాటు నిండా సర్కారు తుమ్మ. తండ్రీ కొడుకులు కొడవళ్లతో కొమ్మలు నరుక్కుంటూ లోపలికి దూరారు.

"దొరికింది! పచ్చ రంగేసి ఒకటి అని రాసుంది!" అని భానుప్రకాశ్ కేక వేశాడు.

ఆ కేక వచ్చిన చోటు వరహాలుకి నచ్చలేదు. అంత లోపల ఉండకూడదే అనుకున్నాడు. పంచె ఎగ్గట్టి ముళ్లలోకి తానూ దిగాడు. మూలరాయి నుంచి టేపు పట్టించాడు. కాగితం ప్రకారం తూర్పుకి ఇరవై, ఉత్తరానికి పది రావాలి. తూర్పుకి పది వచ్చింది. ఉత్తరానికి ఇరవై వచ్చింది.

"రాయి జరిపిండ్రు!" అని ఎగిరాడు భానుప్రకాశ్. "గీ ప్లాటోడే జరిపిండు. వాని జాగ నడిమిట్ల నాలా రావద్దని సైడుకు జరిపిండు. రానియ్యి, వాని సంగతి చూస్త!"

పెరట్లో గోల మొదలైంది. రాయి పీకి అసలు చోట పాతుదామన్నారు ఒకరు. ఫొటో తీసి ఉంచమన్నారు ఇంకొకరు. చారి రాయి పక్కన గొంతుక్కూర్చుని మొదలు చుట్టూ వేలితో గీకి చూశాడు.

"జరిపింది గాదు. సిమెంటు చెక్కు చెదరలే. ఏసినకాడనే ఉన్నది."

"అయితే ఆఫీసోళ్లే తిరగేసి రాసిండ్రు," అన్నాడు భానుప్రకాశ్. "పది, ఇరవై అని రాసేది ఇరవై, పది అని రాసిండ్రు. అంతే గద సార్?"

వరహాలు చెయ్యి చాపాడు. చారి దగ్గర ఉత్తరం అడిగి తీసుకున్నాడు. మడతలు విప్పి, ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. అంకెల మీద ఏదో వరస ఉందని మొదటిరోజే చూశాడు. చూశాడేగాని చదవలేదు. ముప్పై ఏళ్లుగా కుండలీకరణంలో రెండు అంకెలు కనబడితే మొదటిది ఎక్స్, రెండోది వై. మొదట తూర్పుకి నడు, తర్వాత ఉత్తరానికి ఎక్కు. ఎన్ని వేలమంది పిల్లలకు చెప్పాడో ఆ మాట. అసలు దిక్కులు లెక్కపెట్టమంటే చంటిపిల్లలు కూడా తూర్పుతోనే మొదలెడతారు. అలాంటప్పుడు పైవరస చదవాల్సిన పనేముంది?

నకలులో నకలై సగం చెరిగిపోయిన ఆ వరసలో, మొదటి అంకెల నెత్తిన ఒక అక్షరం ఉంది. ఉ. రెండో అంకెల నెత్తిన ఇంకో అక్షరం ఉంది. తూ.

ఆయన ఆ ముళ్లలోనే కూలబడి, భానుప్రకాశ్ చేతిలోని కొడవలి తీసుకుని దాని మొనతో మట్టిలో రాయడం మొదలుపెట్టాడు. ఒక రాయి తూర్పుకి పది, ఉత్తరానికి ఇరవై. రెండోది తూర్పుకి యాభై, ఉత్తరానికి నలభై. పక్కకి నలభై పోతే పైకి ఇరవయ్యే లేస్తుంది. వాలు రెండు కాదు, అర. y − 20 అంటే సగం (x − 10). సర్దితే సగం ఎక్స్, ప్లస్ పదిహేను. సమాధి దగ్గర ఎక్స్ ఇరవై ఎనిమిది. సగం పద్నాలుగు, పదిహేను కలిపితే ఇరవై తొమ్మిది. సమాధి ఉన్నది ఇరవై ఆరు దగ్గర.

ఇరవై తొమ్మిది. ఇరవై ఆరు. సమానం కాదు.

ఉత్తరానికి మూడు మీటర్ల తేడా. గీత ఏటవాలుగా పోతుంది కాబట్టి అసలు దూరం మూడు కన్నా కొంచెం తక్కువ. రెండు మీటర్ల అరవై ఎనిమిది. అందులో నాలా మీటరున్నర తినేసినా...

"చారిగారూ," అన్నాడు. కొడవలి పక్కన పెట్టి లేచాడు. "చారిగారూ, నూలు లాగండి. రెండో రాయి గోడ వెనక, మునగచెట్టు దాటాక, ఎడంగా దొరుకుతుంది."

దొరికింది. భానుప్రకాశ్ ఆ రాయి దగ్గర ఉండ పట్టుకున్నాడు, చారి ఈ రాయి దగ్గర కొస చుట్టాడు. గోడమూల మీదుగా, మునగచెట్టు మొదలు రాసుకుంటూ దారం బిగుసుకుంది. పెరట్లో వాళ్లంతా జరిగి దారి ఇచ్చారు. చారి వచ్చి దారం నుంచి గద్దెకు టేపు వేశాడు. మీటరున్నర దగ్గర ఒక మేకు గుచ్చాడు. నాలా అంచు అది. ఆ మేకు నుంచి గద్దె అంచు వరకు మళ్లీ కొలిచాడు.

"రెండడుగుల మీద నాలుగు వేళ్ల మందం ఖాళీ ఉంటది," అన్నాడు. ఎవరితోనో కాదు, టేపుతో అన్నట్టు.

ముందు తేరుకున్నది భానుప్రకాశే.

"నేను చెప్పలే? ఆఫీసోళ్లు తిరగేసి రాసిండ్రు! మా అమ్మ రెండు దినాల సంది బుక్కెడు తినలే. ఇప్పుడే పోత, గా ఇంజినీరు టేబుల్ మీద గీ కాగితం కొట్టి అడుగుత. ఏం సార్, నాతోటి వస్తరా?"

అవును అంటే సరిపోయేది. సమాధికి వచ్చిన ముప్పు ఎలాగూ తప్పింది. ఊరూపేరూ తెలియని ఇంజినీరు మీద ఒక నింద పడితే ఎవరికేం నష్టం? సందులో ఇరవై రెండేళ్ల మాస్టారితనం చెక్కుచెదరకుండా ఉండేది. గవరమ్మ ఆయన మొహం చూసింది. ఆమెకు గీతల లెక్కలు రావుగాని ఆ మొహం మీది గీతలు బాగా వచ్చు. "సెప్పేయండి," అంది మెల్లగా.

"భానూ, ఆగు," అన్నాడు వరహాలు. "రాయి ఎవరూ జరపలేదు. కాగితం ఎవరూ తిరగేసి రాయలేదు. తిరగేసి చదివింది నేను."

"గదేంది సార్?"

"ఇదిగో, ఇక్కడ చూడు. ఉ అంటే ఉత్తరం, తూ అంటే తూర్పు. సర్వే చేసేవాళ్లు ముందు ఉత్తరం రాసి, తర్వాత తూర్పు రాస్తారు. అది వాళ్ల పద్ధతి. మేం బడిలో ముందు తూర్పు, తర్వాత ఉత్తరం రాస్తాం. ఇది మా పద్ధతి. రెండిట్లో ఏదీ తప్పు కాదు. వాళ్ల రాళ్లను నా పద్ధతిలో చదవడం తప్పు. నేను తల, అంటే ఈ పైవరస, చదవకుండా ఒళ్లు చదివాను. నా లెక్కలో రాళ్లు తారుమారయ్యాయి, నేను కొలిచిన సమాధి మాత్రం సరైన చోటే ఉంది. ఆ రెండూ కలిపేసరికి ఎక్కడా లేని నాలా ఒకటి పుట్టింది. మీ చెల్లి మీద నుంచి పోయింది ఆ లేని నాలా."

పుష్పమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. ఆమెకు ఉత్తరమూ తూర్పూ అక్కర్లేదు.

"అంటే సార్, నా బిడ్డను తియ్యొద్దా?"

"తియ్యక్కర్లేదమ్మా. ఎప్పుడూ తియ్యక్కర్లేదు. మునగచెట్టు పోతుంది. గోడమూల పోతుంది. పాప ఇక్కడే ఉంటుంది."

ఆమె గద్దె పక్కన మెల్లగా కూర్చుంది. మడత విప్పని కొత్తబట్ట తీసి ఒళ్లో పెట్టుకుంది. గవరమ్మ పోయి ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

చారి వరహాలు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొట్టినా పడదామనుకున్నాడు వరహాలు.

"రెండు దినాలు సార్," అన్నాడు చారి. "గీ రెండు దినాలు నేనెట్ల..." మాట అక్కడే ఆపేశాడు. గడ్డపార తీసి గోడకు ఆనించాడు. అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుంటూ గోడ అవతల నిలబడ్డ జనాన్ని చూశాడు. రాయి జరిపిండ్రట, ఆఫీసోళ్లట, ప్లాటోడట అని అక్కడ అప్పటికే మాటలు బయలుదేరాయి.

"గోడవతల ఉన్నోళ్లకు ఇనవడలే. ఇంకోలెక్క మోసుకపోతరు. మల్లొక్కపారి చెప్పుండ్రి సార్. గట్టిగ చెప్పుండ్రి."

వరహాలు ఉత్తరం పట్టుకుని గోడ దగ్గరికి నడిచాడు. రెండు రోజులుగా మూగబోయిన గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి! తప్పు రాయిది కాదు, ప్లాటాయనది కాదు, ఆఫీసుది కాదు. నాది. ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్తాను. ఈ కాగితంలో ముందున్నది ఉత్తరం..."